పల్లెకు విద్యుద్వాహనము



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము విద్యుద్వాహనము. దీనినే మీ యిండ్లలోని పిల్లలు కరెంటు బండి యనుచున్నారు. పట్టణములందు ఇవి వీథివీథిని తిరుగుచున్నవి, పల్లెలలోనికిని వచ్చుచున్నవి. “తాతా, పెట్రోలు బండి అమ్మివేసి కరెంటు బండి కొందము” అని మనుమడు అడుగుచున్నాడు. “నడిదారిలో ఆగిపోయిన నెవడు తోసికొనివచ్చునురా?” అని తాత యడుగుచున్నాడు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. ఆ తగవు తీర్చుకొనుటకు కావలసిన కొన్ని లెక్కలను మీ యెదుట పెట్టుటయే నా ఉద్దేశము. ఎద్దును కొన్నను, బావి త్రవ్వించినను, బిడ్డకు సంబంధము చూచినను ఇంటిలో కడపటి మాట పెద్దలదే గదా! ఈ విషయమునందును అట్లే కావలయునని తలచి మిమ్ము ఉద్దేశించియే మాటలాడుచున్నాను.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. ప్రతిదినము తెలిసిన దారిని ఇరువది, ముప్పది కిలోమీటర్లు తిరుగువానికి కరెంటు బండి లాభము. ఎప్పుడో యొకనాడు బండి తీయువానికి దానివలన లాభము స్వల్పము. బ్యాటరీకి కరెంటు పెట్టు చోటును గుఱించి జాగ్రత్తపడని వానికి అది ప్రమాదము. ఈ మూడు మాటలనే ఇక విస్తరించి చెప్పెదను.

విద్యుత్తుతో నడచు బండి మనకు నిన్న మొన్నటి వింత కాదు. 1895వ సంవత్సరమున చెన్నపట్టణపు వీథులలో విద్యుత్ ట్రాములు నడువ నారంభించినవి. భారతదేశమున అవియే మొదటివి. వ్యాజ్యములకును వ్యాపారములకును చెన్నపట్టణము పోయిన మన తాతలు వానినెక్కి తిరిగినవారే. 1953 వఱకు అవి నడచినవి. అయితే వానికి ఒక లోపముండెను. ఇనుప పట్టాలును, కరెంటు తీగయు ఉన్నంత దూరమే వాని ప్రయాణము. కరెంటును మూటగట్టి వెంట తీసికొనిపోవుటకు తేలికయైన సాధనము నాడు లేదు. సీసపు బ్యాటరీలు ఉండెను గాని వాని బరువు మిక్కుటము. 1991వ సంవత్సరమున లిథియమను తేలిక లోహమును ఉపయోగించు బ్యాటరీలు అంగడికి వచ్చినవి. ఆ విద్యను సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమానము లభించినది. నేడు మీ జేబులోని సెల్‌ఫోనును నడుపుచున్నది ఆ జాతి బ్యాటరీయే. కరెంటు బండిని నడుపుచున్నదియు ఆ జాతిదే.

“ఆ బండికి బలమెక్కడిది? మిట్ట యెక్కునా?” అని కొందఱు సందేహింతురు. మీలో తిరుమలకు పోయివచ్చినవారు పెక్కుమంది యుందురు. 2022 సెప్టెంబరు మాసమునుండి తిరుపతి తిరుమలల నడుమ ఘాటు రోడ్డుపై ఆర్టీసీవారి విద్యుద్బస్సులు యాత్రికులను చేరవేయుచున్నవి. నిండుగా జనమునెక్కించుకొని ఆ మలుపులను, ఆ మిట్టలను ఎక్కగల మోటారు మన మండలపు రోడ్డునకు వెఱవదు. మఱియొక విశేషమున్నది. దిగువకు వచ్చునపుడు ఆ మోటారే డైనమోవలె తిరిగి కొంత కరెంటును మఱల బ్యాటరీకి చేర్చును. పెట్రోలు బండి యెంత పల్లమునకు దిగినను ట్యాంకులో ఒక్క చుక్కయైనను పెరుగదు గదా!

ఇక ఖర్చు సంగతి. పెట్రోలు ఇంజనులో మనము పోయు నాలుగు పాళ్ల శక్తిలో ఇంచుమించు ఒక పాలు మాత్రమే చక్రమును త్రిప్పును. తక్కిన మూడు పాళ్లు వేడియై, పొగయై గాలిలో కలిసిపోవును. విద్యుత్తు మోటారులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా చక్రమునకే చేరును. లాభమునకు మూలమిదియే.

పాలు పోయు రైతు నొకనిని తీసికొని లెక్క వేయుదము. ఊరికిని పాలకేంద్రమునకును ఎనిమిది కిలోమీటర్లు. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి పోయి వచ్చును. దినమునకు 32 కిలోమీటర్లు; నెలకు 960. పెట్రోలు బండి లీటరునకు 50 కిలోమీటర్లు నడచుననుకొందము. నెలకు 19 లీటర్లకు పైగా కావలయును. మన రెండు రాష్ట్రములందును లీటరు వెల నూఱు రూపాయలు దాటియున్నది. కొన్ని పల్లెలలో బంకు లేక కిరాణా కొట్టులో సీసాలతో అమ్ము పెట్రోలును ఇంకను హెచ్చు వెలకు కొనుచున్నారు. లెక్క సులువునకై నూఱు రూపాయలే యనుకొన్నను నెలకు 1,920 రూపాయలు. అదే దూరమునకు కరెంటు బండి యెంత త్రాగును? 100 కిలోమీటర్లకు, చార్జరులో వృథాయగునది కూడ కలుపుకొని, ఇంచుమించు మూడున్నర యూనిట్లు. 960 కిలోమీటర్లకు 34 యూనిట్లు. యూనిటు 6 రూపాయల చొప్పున 204 రూపాయలు. వ్యత్యాసము నెలకు 1,716 రూపాయలు. ఏటికి ఇరువది వేలకు పైమాట. పాడి మీద బ్రదుకు సంసారమున ఇరువది వేలనగా నెంతయో మీకు నేను చెప్పనక్కఱలేదు. అది గేదెల దాణా. అది బిడ్డ కాలేజీ రుసుము.

అయితే ఈ ఇరువది వేలును చేతికి మిగులునని చెప్పిన యెడల నేను అంగడివాని పక్షమున మాటలాడినట్లగును. అందుండి తీసివేయవలసినవి కొన్ని యున్నవి.

మొదటిది బ్యాటరీ. బండి వెలలో పెద్ద పాలు దానిదే. కొన్ని యేండ్లకు అది బలము తగ్గి, నింపినను పూర్వపు దూరము నడువదు. క్రొత్తది వేయవలసివచ్చిన ముప్పది వేల రూపాయలకు పైబడి కావలసియుండును. కావున నెలనెల మిగులులోనుండి 500 రూపాయలు తీసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేఱుగా దాచవలయును. ఆఱేండ్లకు 36,000 రూపాయలగును. ఆ దాపు లేనివాడు మిగిలినదంతయు తిని, బ్యాటరీ పోయిననాడు అప్పునకు పోవును.

రెండవది కరెంటు బిల్లు. ఇంటి మీటరు మీద వాడుక పెరిగినకొలది పై యూనిట్ల వెల హెచ్చును. తెలంగాణమున 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హులైన కుటుంబములకు బిల్లు లేకుండ చేసిరి. అట్టి యింటివారు పాత బిల్లులను తీసి, ఇంకను 34 యూనిట్లు కలిసినను 200 దాటకుండునా యని ముందుగా చూచుకొనవలయును. వేసవిలో పంకాలు, కూలర్లు తిరుగు నెలల బిల్లును మఱింత జాగ్రత్తగా చూడవలయును. పొలములోని మోటారు కనెక్షనునుండి బండికి కరెంటు తీయుదమను తలంపు ఎవరికైన కలిగిన దానిని మానుకొనుడు. ఆ కరెంటు పైరు తడుపుటకు ఇచ్చినది. ఇతరమునకు వాడుట నేరము.

ఇక నెవరు కొనరాదో చెప్పెదను. దినమునకు ఐదు కిలోమీటర్లే తిరుగువానికి నెలకు పెట్రోలు ఖర్చు 300 రూపాయలు. కరెంటు బండి కొన్నచో నెలకు 270 రూపాయలు మిగులవచ్చును. దానికొఱకు లక్ష రూపాయలు వెచ్చించుట వివేకము కాదు. అతడు పాత బండి అరిగిపోవువఱకు దానినే నడుపుకొనుట మేలు. తఱచుగా నూఱేసి కిలోమీటర్లు పోయివచ్చువాడును తొందరపడరాదు; ఆ దారిలో చార్జింగు దొరకు చోట్లు ముందుగా చూచుకొనవలయును. బస్సు సకాలమునకు వచ్చు ఊరిలో బస్సే అన్నిటికంటె చవుక. స్త్రీలకు తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నుండియు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించినారు. కరెంటు బండి బస్సునకు పోటీ కాదు. బస్సు రాని చోటికి అది తోడు.

బస్సు రాని ఊళ్లను తలచుకొనినపుడు నాకు చదువు మానిన ఆడపిల్లలు జ్ఞప్తికి వత్తురు. పదవ తరగతి వఱకు ఊరిలోనో, ప్రక్క ఊరిలోనో చదువుదురు. కాలేజీ ఏడెనిమిది కిలోమీటర్ల దూరమున నుండును. ప్రతిదినము దిగవిడిచి తీసికొనివచ్చుటకు తండ్రికి తీరదు. ఒంటరిగా ఆటో యెక్కించుటకు తల్లికి మనసొప్పదు. ఇట్లు ఎనిమిది కిలోమీటర్ల దూరము ఒక జీవితమును మార్చివేయుచున్నది. అట్టి బిడ్డకు విద్యుత్తు సైకిలు ఒక దారి చూపును. అది సామాన్యమైన సైకిలే. దానికి చిన్న మోటారును, చిన్న బ్యాటరీయు అమర్చియుందురు. ఎదురుగాలిలోను, మిట్టమీదను మోటారు తోడ్పడును. బ్యాటరీ అయిపోయినను తొక్కికొని యిల్లు చేరవచ్చును. ఒకసారి నింపుటకు అర యూనిటు కరెంటు చాలును. మోటారు బలము 250 వాట్ల లోపును, వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపును ఉండి, బ్యాటరీ గాక బరువు 60 కిలోలు మించని బండికి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము లైసెన్సును రిజిస్ట్రేషనును అక్కఱలేదు. లైసెన్సు అక్కఱలేదనగా జాగ్రత్త అక్కఱలేదని కాదు. లారీలు తిరుగు పెద్ద రోడ్డున దానిని ఒంటరిగా పంపరాదు. తలకు శిరస్త్రాణము లేకుండ ఎక్కనీయరాదు.

కొనుటకు నిశ్చయించినవారు ఎద్దును కొన్నట్లు కొనవలయును. సంతలో ఎద్దును చూచునపుడు మనము పండ్లు చూతుము, గిట్టలు చూతుము, బండికి కట్టి నడిపించి చూతుము. అమ్మువాని పొగడ్తను నమ్మము. ఇక్కడను అంతే. కాగితముమీద వ్రాసిన దూరములో మూడవవంతు తగ్గించి లెక్క వేసికొనుడు. పాల క్యానులను, వెనుక మనుష్యుని ఎక్కించి నడిపించి చూడుడు. బ్యాటరీకి ఎన్ని యేండ్ల పూచీ యిచ్చుచున్నారో, ఎంత బలము తగ్గినచో మార్చియిత్తురో వ్రాతమూలముగా అడుగుడు. మరమ్మతు చేయువాడు మండలములో నున్నాడా, జిల్లా పట్టణమునకు పోవలయునా విచారింపుడు. సగటు వేగము బండియని చెప్పి, రిజిస్ట్రేషను లేకుండ, గంటకు 40 కిలోమీటర్లు పరుగెత్తు బండిని చాటున అమ్మువారు కలరు. ప్రమాదము జరిగిననాడు అట్టి బండికి భీమా యుండదు. రిజిస్ట్రేషను కలిగిన సొంత విద్యుద్వాహనమునకు ఆకుపచ్చ పలకమీద తెల్లని అక్షరములుండును.

పన్నుల సంగతియు తెలిసియుండుట మంచిది. విద్యుద్వాహనములపై జీఎస్టీ 2019 ఆగస్టునుండి నూటికి 5 మాత్రమే. సామాన్యమైన పెట్రోలు బండ్లపై 2025 సెప్టెంబరులో దానిని నూటికి 28 నుండి 18కి తగ్గించిరి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో, 2026 డిసెంబరు 31 వఱకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేయుచు ఉత్తర్వు చేసినది. కేంద్రప్రభుత్వపు సహాయధనము మాత్రము కాలముననుసరించి తగ్గుచు వచ్చినది. కావున “సబ్సిడీ పోగా ఇంత” అను మాటను వినుట గాక రశీదులోని అంకెను చూడుడు.

ఇప్పుడు చెప్పబోవు మాటను మీరు ప్రత్యేకముగా చెవినిడవలయునని ప్రార్థించుచున్నాను. 2022 ఏప్రిల్ మాసమున నిజామాబాదు నందును, విజయవాడ యందును ఇంటిలోపల చార్జి పెట్టిన బండి బ్యాటరీలు పేలి, నిద్రించుచున్నవారు ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట 2022 డిసెంబరునుండి బ్యాటరీల పరీక్షా నియమములను ప్రభుత్వము కఠినము చేసినది. నియమము ఫ్యాక్టరీలో నుండును. బ్యాటరీ మన యింటిలో నుండును. కావున ఇంటి నియమము మనమే యేర్పఱచుకొనవలయును.

పండుకొను గదిలో బ్యాటరీకి కరెంటు పెట్టరాదు. ద్వారము దగ్గఱను పెట్టరాదు. మంట లేచిన లోపలివారికి బయటికి దారి యుండదు. గడ్డివామి, వంటచెఱకు, గ్యాసు బండ దాపున పెట్టరాదు. వరండాలోనో, పెఱటి చావడిలోనో, ఎండయు వానయు తగులని గాలి గల చోట పెట్టవలయును. చార్జరు ఇంచుమించు ఇస్త్రీపెట్టె యంత కరెంటు లాగును. అరిగిన తీగకును, వదులైన సాకెట్టునకును అది తగిలించుట అపాయము. ఎలక్ట్రీషియనును పిలిచి మంచి తీగయు, ఎర్తును వేయింపుడు. బండితో వచ్చిన చార్జరునే వాడుడు. ఎండనబడి తిరిగి వచ్చిన ఎద్దును మనము వెంటనే నీళ్లకు విడువక నీడను కట్టి చల్లాఱనిత్తుము. బ్యాటరీని కూడ అట్లే అరగంట చల్లాఱనిచ్చి పిమ్మట కరెంటు పెట్టవలయును. నీట మునిగినదానిని, ఉబ్బినదానిని, క్రిందపడి పగిలినదానిని మఱల వాడరాదు. పొగ వచ్చుట కనబడినచో బ్యాటరీని రక్షింప చూడక, మనుష్యులను బయటికి పంపి 101కి ఫోను చేయవలయును.

రాత్రియంతయు చార్జి పెట్టనిదే చాలదని కొందఱి భయము. మన పాలరైతు లెక్క మఱల చూడుడు. అతడు దినమునకు వాడునది యూనిటు మీద కొంచెము. చిన్న చార్జరుతో దానిని నింపుటకు గంటన్నర చాలును. సాయంకాలము పాలు పోసి వచ్చి, కాళ్లు కడిగికొని, బండి చల్లాఱిన పిమ్మట పెట్టినచో అందఱు భోజనముచేసి లేచువఱకు పని ముగియును. మేలుకొనియున్న యింటిలోనే ఆ పని ముగింపవచ్చును. “నడిదారిలో ఆగిపోయిన” అను తాతగారి ప్రశ్నకును సమాధానమిదియే: ప్రతిదినము ఎనుబది కిలోమీటర్ల బలము నింపుకొని ముప్పదిరెండు నడచు బండి నడిదారిలో ఏల యాగును?

ఇల్లు ఇఱుకైనవారికి ఊరు తోడ్పడవచ్చును. పంచాయతీ కార్యాలయపు ఆవరణలో ఇండ్లకు దూరముగా రేకుల చావడి యొకటి వేసి, మంచి ఎర్తును, వేఱుగా మీటరును పెట్టించి, యూనిటుకు ఇంత యని వసూలు చేసికొనిన ఖర్చు దానంతట అదే తీరును. ఒకే ఊరివారు పదిమంది ఒకే రకపు బండిని కొనిన యెడల నెలకొకసారి మెకానిక్కును ఊరికే రప్పించుమని గట్టిగా అడుగుటకు వీలుండును. ఒక్కొక్కరుగా పోయిన వినని అంగడివాడు పదిమంది కలిసి పోయిన వినును. సొంత మిద్దె గలవారికి మఱియొక మార్గము కలదు. ఒక కిలోవాటు సౌరఫలకములు మంచి ఎండలో దినమునకు నాలుగు యూనిట్ల వఱకు కరెంటునిచ్చును. మన ఎండను తిట్టుకొనుట మాత్రమే యెఱిగిన మనము దానితో బండి నడుపుకొను కాలము వచ్చినది.

దేశమునకును దీనివలన మేలున్నది. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. ఎక్కడనో యుద్ధము వచ్చిన ఇక్కడ పాలరైతు జేబు తడుముకొనుచున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధమునాడు పెట్రోలు కఱవై బస్సులను బొగ్గు గ్యాసుతో నడిపిన ముచ్చటను మీ పెద్దలు చెప్పగా మీలో కొందఱు విని యుందురు. కరెంటులోను చాల పాలు బొగ్గునుండియే వచ్చుచున్నదను మాట నిజము. కాని ఆ బొగ్గులో చాల పాలు మన గనులది. దానితోపాటు శ్రీశైలపు నీరు, కర్నూలు ఎండ కూడ మన తీగలలో ప్రవహించుచున్నవి. పెట్రోలు బండి పెట్రోలునే త్రాగును. కరెంటు బండి రేపు ఎండ యిచ్చినను, గాలి యిచ్చినను పుచ్చుకొనును.

పెద్దలారా! దూరపు కొండలు నునుపు. దూరమునుండి చూచిన ప్రతి క్రొత్త వస్తువును అట్లే కనబడును. దగ్గఱకు పోయి చూడుమనియే నా మనవి. రేపటినుండి నెలదినములు మీ యింటి బండి దినమునకెంత దూరము పోవుచున్నదో, ఎంత పెట్రోలు త్రాగుచున్నదో గోడమీది క్యాలెండరులో మనుమనిచేత వ్రాయింపుడు. నెల ముగిసిన పిమ్మట ఇరువురును కూర్చుండి నేను చెప్పిన రీతిని లెక్క వేయుడు. దూరము చాలకున్న పాత బండితోనే సరిపుచ్చుకొనుడు. దూరము చాలిన యెడల ముందు చార్జరునకు చోటు చూచి, పిదప బండిని చూడుడు. ఊరిలో ఏ పెద్దమనిషి యిట్లు లెక్క చూచి, చోటు చూచి మొదటి బండిని తెచ్చునో, ఆయన వెనుక పదిమంది నిర్భయముగా నడుతురు.